మెట్లదారిన అడ్వకేట్ జనరల్

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. కొన్నాళ్ళు నేను రాష్ట్ర అడ్వకేట్ జనరల్ మీద మనసు పారేసుకున్నాను. ఆ కుర్చీలో ఉన్న మనిషి మీద కాదు. ఆయనెవరో, ఎలా ఉంటారో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ అనిపించలేదు. పదవి మీదే.

గ్రూప్ టూ పరీక్షకి చదువుతున్న రోజులవి. పాలిటీ గైడులో గవర్నరు అయిపోయి, ముఖ్యమంత్రి అయిపోయి, మంత్రిమండలి కూడా అయిపోయాక, పేజీ అడుగున కాస్త చోటు మిగిలితే అక్కడ సర్దుకుని కూర్చున్నట్టు ఉండేవారాయన. కోచింగ్ సెంటర్లో అందరూ ఆ పేజీని ఒక్క మార్కు ప్రశ్నగా చదివేవారు. నేను నవల చదివినట్టు చదివాను. ప్రభుత్వానికి న్యాయ సలహా చెప్పడం ఆయన పని. కోర్టులో ప్రభుత్వం తరఫున నిలబడాలి. రాష్ట్రంలో ఏ కోర్టులోనైనా మాట్లాడే హక్కుంది. శాసనసభలోకి వెళ్ళి మాట్లాడవచ్చు కూడా. కానీ అక్కడ ఓటు లేదు.

ఆ చివరి ముక్క దగ్గర నేను పడిపోయాను. సభలో అందరూ చేతులెత్తుతుంటే ఆయనొక్కరు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారన్నమాట! ఆయనకి నల్లకోటుతో పాటు స్టీలు క్యారేజీ, అందులో పెరుగన్నం, కొంచెం మొహమాటం నేనే ఇచ్చాను. జలుబు ఎక్కువ అని కూడా నేనే నిర్ణయించాను. డైరీలో ఆయన్ని ‘ఏజీ గారు’ అని రాసుకునేదాన్ని. ‘ఈ రోజు వాన. ఏజీ గారికి తుమ్ములు వచ్చి ఉంటాయి.’ ఇలాంటివి.

అప్పుడు మేం అనకాపల్లిలో ఒక ఐదంతస్తుల అపార్టుమెంట్లో నాలుగో అంతస్తులో అద్దెకుండేవాళ్ళం. గాలి మార్కెట్టు వైపు నుంచి వీస్తే బెల్లం వాసన బాల్కనీ దాకా వచ్చేది. అన్నీ బాగానే ఉండేవి, ఒక్క లిఫ్టు తప్ప. లిఫ్టు బాగానే పనిచేసేది. అందులో మనుషులుండేవారు, అదీ నా బాధ. చిన్న లిఫ్టు. ఇంకొకరు ఎక్కితే తలుపు మూసినప్పటినుంచి తెరిచేదాకా ఏదో ఒకటి మాట్లాడాలి. ‘ఉద్యోగం వచ్చిందామ్మా?’ అంటారు. రాలేదని చెప్పడానికి ఒక అంతస్తు చాలు. మిగతా మూడంతస్తులు ఏం చెయ్యాలి?

అందుకని మెట్లెక్కేదాన్ని. ఆరోగ్యానికి మంచిదని అమ్మతో చెప్పాను. అమ్మ నమ్మి, చుట్టాలకి కూడా చెప్పింది.

మెట్ల మీద నాకు తోడు ఒక్కరే. చేపలావిడ. పూడిమడక నుంచి తెల్లారగట్ల ఆటోలో గంప వేసుకుని వచ్చేది. మా సెల్లార్లో మోటారు గది పక్కన నీడలో కూర్చుని అమ్మేది. పైనుంచి ఎవరైనా పిలిస్తే గంప నెత్తిన పెట్టుకుని మెట్లెక్కేది. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య మలుపులో ఆగి గంప దించేది. నేను ఒకవైపు పట్టుకునేదాన్ని. ఒకసారి ధైర్యం చేసి, లిఫ్టెక్కొచ్చు కదా పిన్నీ అన్నాను.

“ఓలమ్మ, ఆ పెట్టెలో నానెక్కను తల్లీ! మద్దెలో ఆగిపోతే? సేపలకైతే ఐసు ఉంటాది. నాకేటుంటాది?”

నన్ను ఆవిడ ‘మాటాడని గుంట’ అనేది. గుంట అంటే వాళ్ళ మాటలో పిల్ల, తిట్టు కాదు. ఎర్రచీర ఆవిడ, కళ్ళద్దాలాయన అన్నట్టే అదీ ఒక గుర్తు.

ఇక మా ప్రెసిడెంటు గారి గురించి చెప్పాలి. ఆయన కాలేజీలో పొలిటికల్ సైన్సు చెప్పి రిటైరయ్యారు. పాఠం చెప్పడానికి పిల్లలు లేక, మా అపార్టుమెంటు అసోసియేషన్నే రాష్ట్రం చేసుకున్నారు. కమిటీని ప్రభుత్వం అనేవారు. సెల్లార్లో మీటింగు పెడితే అది శాసనసభ. నీళ్ళ ట్యాంకరు చూసుకునే ఆయన నీటిపారుదల మంత్రి. ఓనర్లకి మాత్రమే ఓటు. మాలాంటి అద్దెవాళ్ళు వచ్చి కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు, చేయి ఎత్తకూడదు. ఈ సంగతి తెలిసిన రోజు నాకు ఒళ్ళు పులకరించింది. నేనూ ఏజీ గారూ ఒకే బెంచీ అన్నమాట.

హైకోర్టు గ్రౌండ్ ఫ్లోర్లో, సెల్లారుని ఆనుకునే ఉండేది. అంటే మామ్మగారు. ఆ స్థలం మొదట ఆవిడదే. బిల్డరుకిచ్చి, కింద ఒక ఫ్లాటు ఉంచుకున్నారు. గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ ఉండేవారు. పార్కింగు గొడవైనా, పై బాల్కనీ నుంచి కింది బాల్కనీలో పడిన కుండీ అయినా, చివరికి ఆవిడ దగ్గరే తేలేది. ఆవిడ చెప్పాక ఎవరూ నోరెత్తరు.

ఆ వేసవిలో లిఫ్టు కంపు కొట్టడం మొదలెట్టింది. చేపల కంపు. ప్రెసిడెంటు గారు శాసనసభని సమావేశపరిచారు.

“ఆ చేపలామె గంపతో లిఫ్టెక్కుతోంది. అదే కారణం. ఇకనుంచి ఆవిణ్ణి గేటు లోపలికి రానివ్వకూడదని తీర్మానం. చేతులెత్తండి.”

ఒక్కరు తప్ప ఓనర్లందరూ ఎత్తారు. ఆ ఒక్కరు రెండో అంతస్తు ఆంటీ. మెయిన్ రోడ్డులో వాళ్ళది గాజుల కొట్టు. తరతరాలుగా ఆ వ్యాపారమే. రంజాన్‌కి మా ఇంటికి సేమ్యా పంపేవారు. గొంతు గాజుల చప్పుడు కన్నా ఒక మెట్టు పైనుండేది.

“అరె, చేపల కోసం నేను రోడ్డు మీదకి పోవాలా? ఎండలో ఆమెని కూర్చోబెడతారా? నేను హైకోర్టుకి పోతా!” అని అక్కడినుంచే మామ్మగారి గుమ్మం వైపు చెయ్యి చూపించారు.

“పొండి. ప్రభుత్వం తరఫున మాకూ వకీలు ఉంటారు” అన్నారు ప్రెసిడెంటు గారు. తర్వాత చుట్టూ చూశారు. ఎవరూ లేరు.

నేను స్తంభం వెనక ఉన్నాను. మా అమ్మ స్తంభం ముందు ఉంది. “మా అమ్మాయి అదే చదువుతోందండి” అంది అమ్మ.

అందరూ స్తంభం వైపు చూశారు. ప్రెసిడెంటు గారి ముఖం వెలిగిపోయింది. “రామ్మా! నువ్వే మన అడ్వకేట్ జనరల్‌వి!”

వద్దండీ అనే మాట నాకు నోట్లోంచి రాదు. చిన్నప్పటినుంచీ అంతే. అందుకని తప్పించుకోవడానికి చట్టాన్ని అడ్డుపెట్టాను. నా చెప్పుల వైపు చూస్తూ, “అడ్వకేట్ జనరల్‌ని గవర్నరు నియమించాలండీ. ముఖ్యమంత్రి నియమించకూడదు” అన్నాను.

అదే నా కొంప ముంచింది. ప్రెసిడెంటు గారు పరవశించిపోయారు. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పినా ఒక్కరూ ఇంత సరిగ్గా జవాబివ్వలేదన్నారు. తక్షణం వాచ్‌మన్ని పిలిచి గవర్నరుని చేశారు.

“నన్నేటి సెయ్యమంటారు బాబూ?” అన్నాడు వాచ్‌మన్.

“ఏమీ చెయ్యక్కర్లేదు. అంతా నీ పేరు మీదే జరుగుతుంది. నువ్వు తల ఊపు.”

అతను ఊపాడు. నేను అడ్వకేట్ జనరల్‌నయ్యాను. వాదనలు ఆదివారం సాయంత్రం.

మర్నాడు మెట్ల మలుపులో చేపలావిడ గంప దించి, కొంగుతో మెడ తుడుచుకుంది. ఎప్పుడూ ఉండే నవ్వు లేదు.

“ఇన్నావా తల్లీ? నన్ను గేటు కాడే ఆపేత్తారంట. ఈ నీడ పోతే హైవే పక్కన కూకోవాలి. ఐసు కరిగిపోద్ది, సేప మెత్తబడిపోద్ది. మెత్తబడ్డ సేప ఎవులు కొంటారు? గంప ఎనక్కి పట్టికెళ్ళి ఏటి సేసుకోను?”

నేను గంపలోని కానాగంత చేపల వైపు చూశాను. అవి నా వైపే చూస్తున్నాయి.

“గవర్నమెంటు తరపున ఎవులో లాయరమ్మ వాదిత్తాదంట. నీకు తెలుసా?”

“తెలుసు” అన్నాను.

“గట్టిదేనా?”

“పెద్దగా మాట్లాడదు పిన్నీ.”

ఆవిడ ముఖం ఒక్కసారి విచ్చుకుంది. “మాటాడని లాయరేటే! అయితే గెలిసీసేం మనం!” అని గంప ఎత్తుకుని హుషారుగా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

నేను అక్కడే కూర్చుండిపోయాను. ఆవిడ లిఫ్టెక్కదని అపార్టుమెంటు మొత్తంలో తెలిసినది నాకే. ఎందుకంటే మెట్ల మీద తిరిగేది మేమిద్దరమే. మరి నేనేమో అవతలి పక్షం. ఏజీ గారైతే ఏం చేస్తారు? గైడు తీసి ఆ పేజీ మళ్ళీ చదివాను. కోర్టులో నిలబడటం కన్నా ముందు రాసి ఉన్నది ప్రభుత్వానికి సలహా ఇవ్వడం. సలహా అంటే ప్రభుత్వం తప్పు చేస్తుంటే తప్పని చెప్పడమూ అందులోదే కదా అనుకున్నాను. కేసు దాకా వెళ్ళకుండా చెవిలో చెప్పేస్తే అందరికీ మర్యాద. నాకు మరీను.

ఐదో అంతస్తుకి వెళ్ళి ప్రెసిడెంటు గారి బెల్లు కొట్టాను. “రా రా ఏజీ!” అని కూర్చోబెట్టి, కేంద్ర రాష్ట్ర సంబంధాల గురించి కాఫీ చల్లారేదాకా చెప్పారు. మధ్యలో రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ బిస్కెట్టు ఇచ్చారు. తిని వచ్చేశాను.

తర్వాత ఫోన్లో మెసేజీ టైపు చేశాను. ‘సార్, మన కేసు నిలబడదు.’ మర్యాదగా లేదని చెరిపాను. ‘సార్, మన కేసు నిలబడుతుందా?’ అది అబద్ధమని చెరిపాను. ఈ కంగారులో బొటనవేలు ఎత్తిన బొమ్మ వెళ్ళిపోయింది. ఆయన వెంటనే నాలుగు బొటనవేళ్ళు పంపించారు.

ఇక మిగిలింది ఒక్కటే దారి. లిఫ్టు. అందులో ఆయన లేచి కాఫీ తేలేరు, నేను పారిపోలేను. శనివారం ఉదయం ఆయన బయటినుంచి వస్తుంటే, జీవితంలో మొదటిసారి మనిషిని చూసి మరీ లిఫ్టెక్కాను. తలుపు మూసుకుంది. ఒకటో అంతస్తు దాటింది. రెండు దాటింది.

“సార్, ఆవిడ లిఫ్టెక్కరు. ఆవిడకి లిఫ్టంటే భయం. మనం ఓడిపోతాం.”

ఆయన నా వైపు జాలిగా చూశారు. “ఏజీ ప్రభుత్వాన్ని సమర్థించాలి తల్లీ. వకీలే క్లయింటుకి ఎదురు తిరిగితే ఎలాగ? అయినా చూడు, ఈ కంపు చూడు! ఇంకా సాక్ష్యం కావాలా?”

నిజమే, కంపు ఉంది. ఆయన చేతిలో నల్ల పాలిథిన్ కవరు కూడా ఉంది. కవరు మూలనుంచి ఒక రొయ్య మీసం బయటికొచ్చింది. ఆ మీసం చివర ఒక బొట్టు వేలాడింది, సాగింది, లిఫ్టు నేల మీద పడింది. ఆయన ముక్కు మూసుకుని, “ఛీ ఛీ, ఆవిడ పనే!” అన్నారు.

నాలుగో అంతస్తు వచ్చింది. నేను దిగిపోయాను.

ఆదివారం సాయంత్రం మామ్మగారి గుమ్మం ముందు కుర్చీలు వేశారు. చేపలావిడ ఖాళీ గంప పక్కన గోడకి ఆనుకుని కూర్చుంది. గవర్నరు మోటారు గది దగ్గర నిలబడ్డాడు. రెండో అంతస్తు ఆంటీ ముందు వాదించారు. ఎండ గురించి, కడుపు గురించి, బజార్లో వంజరం చేప ధర గురించి, చివరికి వాళ్ళ మరిది గురించి కూడా. మరిది సంగతి ఎందుకొచ్చిందో ఎవరికీ తెలియలేదు, ఆపడానికి ఎవరికీ ధైర్యం లేదు.

“మరి గవర్నమెంటోలు ఏటంటారు?” అన్నారు మామ్మగారు, చింతగింజ ఒకటి పక్కన పడేసి.

నేను లేచాను. నన్ను చూడగానే చేపలావిడ కళ్ళు పెద్దవయ్యాయి. “ఓరి నాయనో, ఈ గుంటేటి!” అంది పైకే.

ఏజీ గారిని తలుచుకున్నాను. నల్లకోటు, క్యారేజీ, జలుబు. ఆయనే నిలబడగా లేనిది, నేను నిలబడలేనా!

“మామ్మగారూ, ప్రభుత్వానికి నా సలహా ఏమిటంటే... ఈ కేసు వెనక్కి తీసుకోవాలి.”

ప్రెసిడెంటు గారు కుర్చీలోంచి సగం లేచారు. “అమ్మా! నువ్వు మనవైపు!”

“అందుకే చెప్తున్నాను సార్.”

“ఎందుకు తీసుకోవాలే?” అన్నారు మామ్మగారు.

“ఆవిడ లిఫ్టెక్కరండీ. ఒక్కసారి కూడా ఎక్కలేదు. మెట్ల మీదే వెళ్తారు.”

“నీకెలా తెలుసు?”

“నేనూ మెట్ల మీదే వెళ్తానండీ.”

మామ్మగారు చింతపండు పళ్ళెం పక్కన పెట్టారు. ఇలాంటిది జరగడం అరుదని అందరికీ తెలుసు. “నాలుగో అంతస్తుకి మెట్లా? వయసులో ఉన్నదానివి, లిఫ్టుండగా మెట్లెందుకే? నిజం సెప్పాల. నిజం సెప్పకపోతే నీ మాట ఎలా నమ్మీది?”

ఇది గైడులో లేదు. ఆరోగ్యానికి మంచిదని చెప్పొచ్చు. అమ్మ అప్పటికే నా కోసం తల ఊపుతోంది. కానీ ఆ ఒక్క అబద్ధంతో నా సాక్ష్యమంతా తేలిపోతుంది. గోడ దగ్గర చేపలావిడ కొంగు నోట్లో పెట్టుకుని నా వైపే చూస్తోంది.

“లిఫ్టులో... మీరందరూ ఉంటారు కదండీ” అన్నాను.

“ఉంటే?”

“మాట్లాడాలి కదండీ.”

రెండో అంతస్తు ఆంటీ గుండె మీద చెయ్యి వేసుకున్నారు. “అరె బేటీ, నా వల్ల కాదు కదా?”

కోర్టులో నిజమే చెప్పాలి. “మీ వల్లే ఎక్కువ ఆంటీ.”

నవ్వు ఎక్కడ మొదలైందో తెలియదు. మామ్మగారు పళ్ళెం కిందపడేలా నవ్వారు. నీటిపారుదల మంత్రి కళ్ళు తుడుచుకున్నారు. ఆంటీ అందరికన్నా ఎక్కువ నవ్వి, నా బుగ్గ గిల్లారు. అమ్మ మాత్రం చుట్టాలందరికీ మళ్ళీ ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నట్టు కనిపించింది. నేను అక్కడే నేలలోకి దిగిపోవాలనుకున్నాను కానీ కింద గ్రానైటు.

“సరే. మరి కంపెవులిది?” అన్నారు మామ్మగారు.

నేను నోరు మూసుకున్నాను. తన ప్రభుత్వం మీద ఏజీ సాక్ష్యం చెప్పవచ్చా అన్నది నాకు నిజంగా తెలియదు. అప్పుడు మోటారు గది దగ్గరనుంచి గొంతు వినిపించింది. గవర్నరుది. ఏమీ చెయ్యక్కర్లేదని చెప్పిన గవర్నరుది.

“సారుగారి కవరు కారతాది బాబూ. గాజుల అమ్మగారిదీ కారతాది. అందరియ్యీ కారతాయి. నానే కదా తుడుత్తన్నాను.”

ప్రెసిడెంటు గారు తన చేతిని ఒకసారి వాసన చూసుకున్నారు. పాపం, అలవాటుగా చూసుకున్నారు. అందరూ అది చూశారు.

మామ్మగారి తీర్పు రెండు ముక్కలు. “ఆవిడ నీడలోనే కూకుంటాది. సేపలు కొన్నోలు మెట్లెక్కండి.”

ఆ తర్వాత నా బతుకు తారుమారైంది. మెట్లు నిండిపోయాయి. ఎవరి చేతిలో చూసినా కవరే. మూడో అంతస్తు మలుపులో ప్రెసిడెంటు గారు ఆయాసపడుతూ కూర్చునేవారు. “ఈ సలహా ముందే ఇవ్వొచ్చు కదమ్మా” అనేవారు. “ఇచ్చాను సార్, లిఫ్టులో” అనేదాన్ని. ఆంటీ వెనకనుంచి వచ్చి, “నువ్వేం మాట్లాడకు బేటీ, ఊరికే నడుద్దాం” అని నాలుగో అంతస్తు దాకా ఒక్క నిమిషం ఆపకుండా మాట్లాడేవారు. నాకు ఏకాంతం కావాలంటే ఒక్కటే చోటు మిగిలింది. ఖాళీగా, శుభ్రంగా, అద్దంతో సహా. లిఫ్టు.

నా పదవికి రాజీనామా గవర్నరుకే ఇచ్చాను, గేటు దగ్గర, నోటిమాటగా. అతను తల ఊపాడు. పరీక్షలో ఏజీ గారి మీద ప్రశ్న రాలేదు. నాకు కొంచెం కోపం వచ్చింది, తర్వాత ఆయన స్వభావానికి అదే సరిపోయిందనిపించింది.

నాన్న ఆఫీసుకి దగ్గరని మేం సబ్బవరం మారిపోయాం. సామాన్లు వ్యానుకెక్కిస్తున్న రోజు చేపలావిడ సెల్లార్లో తన చోటులోనే ఉంది. గంపలో నెత్తళ్ళు, పైన తడిగోనె. ఆవిడ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఏదో చెప్పాలని వెళ్ళాను, ఏమీ రాలేదు. ఆవిడ అలవాటు పడిన మనిషే కాబట్టి కాసేపు ఇద్దరం నెత్తళ్ళని చూశాం.

“ఎల్లిపోతన్నావేటి?” అంది చివరికి.

“సబ్బవరం, పిన్నీ.”

“ఎన్నో అంతస్తు?”

“రెండు.”

“లిఫ్టు ఉందేటి?”

“లేదు.”

ఆవిడ గోనె తడి పిండి గంప మీద మళ్ళీ కప్పింది.

“అయితే నానొత్తాను లే.”